కాలిన్ చాప్మన్ జీవితము

అర్ధశతాబ్దమునకు పూర్వము ఇంగ్లండు దేశమున తయారైన లోటస్ సెవెన్ అను చిన్న మోటారు కార్లు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వానిని మక్కువతో సంపాదించి, త్రుప్పు గీకి, శిథిలమైన భాగములను తీసివైచి, క్రొత్తవి చేర్చి, మరల రోడ్డు మీద నడిపించువారు అనేకులు కలరు. పాత కట్టడములకువలెనే పాత కార్లకును జీర్ణోద్ధరణము కలదు. అట్టి పనికి పూనుకొన్నవాడు మొట్టమొదట విప్పవలసిన వానిలో ముందటి అద్దము, అనగా విండుస్క్రీను, ఒకటి. ఆ అద్దమును విప్పి, క్రొత్త అద్దమును బిగించునప్పుడు, ఆ కారును కల్పించిన మనుష్యుని బుద్ధి యెట్టిదో కొంతవరకు తెలియగలదు. అతని నేర్పు ఎచ్చట నున్నదో, ఆ నేర్పునకు హద్దు ఎచ్చట నుండవలసినదో, రెండును ఆ చిన్న పనిలో కనబడును. ఆ మనుష్యుడే కాలిన్ చాప్మన్. అతని చరిత్రము మెచ్చుకొనుటకును, హెచ్చరికగా నుంచుకొనుటకును తగినది.

ఆంథొనీ కాలిన్ బ్రూస్ చాప్మన్ 1928 వ సంవత్సరము మే నెల 19 వ తేదీన లండనునకు సమీపమున రిచ్మండు అను ఊర జన్మించెను. అతని తండ్రి ఉత్తర లండనులోని హార్న్‌సే అను పేటలో రైల్వే హోటలు అను పూటకూటి యింటిని నడుపుచుండెను. బాలుడు ఆ పేటలోనే పెరిగి, 1945 లో లండను యూనివర్సిటీ కాలేజీలో చేరి కట్టడముల ఇంజనీరింగు అభ్యసింపసాగెను. వంతెనలును పెద్ద కప్పులును ఎట్లు నిలుచునో, బరువు ఏ కమ్మినుండి ఏ కమ్మికి ప్రాకునో, ఏ భాగము నిజముగా భారమును మోయునో, ఏ భాగము ఊరక నిలుచునో లెక్కగట్టుట ఈ శాస్త్రముయొక్క పని. మోటారు ఇంజనీరింగు అతడు కాలేజీలో చదివినది కాదు. అయినను వంతెనలకొరకు నేర్చిన ఈ లెక్కయే తరువాత అతని కార్లకు ప్రాణమయ్యెను. కాలేజీ దినములలోనే అతడు విద్యార్థుల విమానదళమున చేరి విమానము నడుప నేర్చెను. విమానమును కట్టువాడు అనవసరమైన ఒక్క తులము బరువునైనను సహింపడు. ఈ సంగతియు ఆ యువకుని మనస్సున నాటుకొనెను.

చదువు సాగుచుండగనే అతడు ఒక స్నేహితునితో కలిసి పాత కార్లను కొని అమ్ము వ్యాపారము మొదలుపెట్టెను. 1947 చివరను ప్రభుత్వమువారు సొంత కార్లకు ఇచ్చుచుండిన పెట్రోలు రేషనును నిలిపివేయగా పాత కార్లను కొనువారు లేకపోయిరి. ఉన్న కార్లను నష్టమునకు అమ్మివేయగా, ఎవ్వరును కొనని పాత ఆస్టిన్ సెవెన్ కారు ఒకటి మిగిలెను. ఇట్టి నష్టము సంభవించినప్పుడు పలువురు నిరాశ చెందుదురు. చాప్మన్ ఆ పాత కారును విప్పి చూడ నారంభించెను. అతనితో వివాహమాడనున్న హేజెల్ విలియమ్స్ అను యువతియొక్క తల్లిదండ్రుల ఇంటివెనుక ఒక చిన్న గారేజి యుండెను. అచ్చట 1948 లో, పాత కారు చట్రముపై, విమానములలో వాడు పద్ధతిని అనుసరించి, అల్యూమినియము అంటించిన పలుచని చెక్కలతో క్రొత్త శరీరమును కట్టెను. ఇదియే మొదటి లోటస్. లోటస్ అనగా తామరపువ్వు. ఈ పేరు ఎందుకు పెట్టెనో అతడు బహిరంగముగా ఎన్నడును స్పష్టపరచలేదు.

చాప్మన్ చదువులో సర్వప్రథముడు కాడు. గణితములో ఒకసారి తప్పి, మరల పరీక్ష వ్రాసి, 1949 లో పట్టము పొందెను. కొంతకాలము రాజకీయ విమానదళములో పనిచేసి, పిమ్మట బ్రిటిష్ అల్యూమినియము కంపెనీలో ఉద్యోగమున ప్రవేశించెను. పగలు ఉద్యోగము, రాత్రి గారేజి. ఈ విధముగా అతడు క్రొత్త కార్లు కట్టి పందెములలో నడపి గెలువసాగెను. అతని కార్లను చూచి ఇతరులును తమకట్టి కార్లు కావలెనని అడుగ మొదలిడిరి. 1952 వ సంవత్సరారంభమున, హేజెల్ అప్పుగా ఇచ్చిన 25 పౌనులతో, తండ్రి హోటలు వెనుకనున్న పాత గుర్రపుసాలలో లోటస్ ఇంజనీరింగు కంపెనీ వెలసెను. 1954 లో వారిరువురకు వివాహమయ్యెను. ఆ కంపెనీ అభివృద్ధిలో ఆమె పాలు కొద్దిది కాదు.

ఇచ్చట కిట్ కారు అనగానేమో చెప్పవలసియున్నది. ఆ కాలమున ఇంగ్లండులో పూర్తిగా తయారైన కారును కొన్నవారు ధరపై కొనుగోలు పన్ను చెల్లింపవలసియుండెను. విడిభాగములుగా అమ్మినచో ఆ పన్ను లేదు. కావున చాప్మన్ చట్రమును, రేకులను, అద్దమును, తక్కిన సామగ్రిని విడివిడిగా అమ్మెను. కొన్నవాడు వానిని ఇంటికి తీసికొనిపోయి, పాత ఫోర్డు కారునుండి ఇంజనును ఇరుసులను సంపాదించి, తన చేతితో కారును కూర్చుకొనవలెను. లోటస్ సిక్స్ అను పేర ఇట్టి కార్లు నూటికి పైగా వెలువడెను. ధనవంతులు కాని గుమాస్తాలును, ఉపాధ్యాయులును, యువకులైన ఇంజనీర్లును సెలవు దినములలో తమ పెరటిలో కారు కట్టుకొని దానితోనే పందెమునకు పోగలిగిరి. కూర్చు విధానమును వ్రాసియిచ్చినచో పన్ను పడునను భయముచే, చాప్మన్ కారును విప్పు విధానమును మాత్రము అచ్చువేయించి యిచ్చెననియు, కొన్నవారు దానిని చివరనుండి మొదటికి చదువుకొనిరనియు ఒక కథను నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. కథ యెట్లున్నను, చట్టముయొక్క అక్షరమును పాటించుచు దాని పట్టునుండి తప్పించుకొనుటలో అతనికి గల చమత్కారము దీనివలన తెలియుచున్నది. ఈ చమత్కారమే కాలక్రమమున అతనిని ఎచ్చటికి కొనిపోయెనో ముందు చూతము.

1957 లో లోటస్ సెవెన్ వెలువడెను. ఇది కిట్ కార్లలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. సన్నని ఉక్కు గొట్టములను త్రిభుజములుగా కూర్చి అతికిన చట్రము; దానిపై పలుచని అల్యూమినియపు రేకులు; ఇద్దరు కూర్చుండు చోటు; ఒక ఇంజను; నాలుగు చక్రములు. తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు. మొత్తము బరువు సుమారు 500 కిలోగ్రాములకు లోబడియే యుండెను. బరువు తక్కువైనచో చిన్న ఇంజనైనను వేగముగా లాగును. బ్రేకులు త్వరగా నిలుపును. మలుపులలో చక్రములు నేలను విడువవు. బలము పెంచుటకు ధనము కావలెను. బరువు తగ్గించుటకు బుద్ధి చాలును. ఇదియే చాప్మన్ సిద్ధాంతము.

ఈ సెవెన్ కారు ముందటి అద్దమును చూడుడు. నాటి పెద్ద కార్లలో అద్దమును వంచి, శరీరములోనికి అమర్చి, దానికై ప్రత్యేకమైన అచ్చులు చేయించుచుండిరి. చాప్మన్ కారుకు వంపు లేని పలక అద్దము చాలెను. దానిచుట్టు ఒక సన్నని లోహపు చట్రము. రెండు ప్రక్కల రెండు నిలువు కమ్ములు. ఆ కమ్ములను కారు ముందరి రేకునకు బిగించు కొన్ని మరలు. ఇంతియే. పందెమునకు పోవువాడు రెంచి చేతబట్టి కొద్దిసేపటిలో దీనిని విప్పి ఇంటివద్దనే విడువవచ్చును. వర్షమునకు అడ్డుపెట్టు ప్రక్క తెరలు ఆ నిలువు కమ్ములకే తగిలింపబడును; బట్టకప్పు ముందరి అంచు ఆ అద్దపు చట్రమునకే తొడుగబడును. ఒకే వస్తువు మూడు పనులు చేయుచున్నది.

ఇప్పుడు జీర్ణోద్ధరణము చేయువాని కష్టమును తలంపుడు. కారు పూర్వము ఏ ఫ్యాక్టరీలోను ఒకే కొలతతో కూర్చబడలేదు. ఎవరి పెరటిలోనో ఎవరి చేతనో కూర్చబడినది. కావున ఒక కారుకు సరిపడిన అద్దము వేరొక కారుకు సరిగా సరిపడునను నమ్మకము లేదు. పాత అద్దము పగిలియున్నచో, చట్రములోపలి కొలతను అట్టముక్కపై కత్తిరించి నమూనా చేసికొనవలెను. చుట్టు రబ్బరు పట్టుటకు కొంచెము తక్కువగా అద్దమును కోయించవలెను. కోయించునప్పుడు ఏ అద్దమో తెలిసియుండవలెను. కొలిమిలో మిక్కిలి వేడిచేసి గాలితో ఆకస్మికముగా చల్లార్చిన గట్టి అద్దము మామూలు అద్దముకంటె చాల దృఢమైనది. కాని ఒకసారి అట్లు తయారైన పిమ్మట దానిని కోయుటకు వీలులేదు. అంచున గీసినంత మాత్రమున అంతయు చిన్న చిన్న పలుకులై రాలిపోవును. రెండు పలుచని అద్దముల నడుమ ప్లాస్టికు పొరను ఉంచి అతికిన అద్దమును మాత్రము కోయవచ్చును. రెండు వైపుల గీసి, విరిచి, నడిమి పొరను కత్తితో తెంచి, అంచులను నూరవలెను.

ఈ పొరల అద్దమును కనిపెట్టినవాడు ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అను ఫ్రెంచి కళాకారుడు, రసాయన శాస్త్రజ్ఞుడు. 1903 లో అతని చేతినుండి ఒక గాజు కుప్పె జారిపడి పగిలినను ముక్కలు చెదరక నిలిచెను. లోపల ఎండిన సెల్యులోజు ద్రావణపు పొర వానిని పట్టియుంచెనని అతడు గ్రహించి 1909 లో హక్కు పత్రము పొందెను. ఆ దినములలో మోటారు ప్రమాదములయందు ముందటి అద్దము కత్తులవలె ముక్కలై ముఖములను చీల్చుచుండెను. పొరల అద్దము పగిలినను సాలెగూడువలె చీలికలు కట్టి చట్రములోనే నిలుచును. కావున జీర్ణోద్ధరణము చేయువాడు తక్కువ ధర యని కిటికీకి వేయు మామూలు అద్దమును బిగించుకొనరాదు. చట్టమును దానిని ఒప్పుకొనదు.

బిగించుటలోను ఓర్పు కావలెను. రబ్బరును సబ్బునీటితో తడిపి అద్దపు అంచునకు తొడిగి చట్రములో కూర్చవలెను. నిలువు కమ్ముల మరలను మొదట వదులుగా పెట్టి, రెండు ప్రక్కల వాలు సమానముగా నున్నదో లేదో చూచి, ప్రక్క తెరలను తగిలించి, బట్టకప్పును లాగి చూచి, అటుపిమ్మట ఒక ప్రక్క కొంచెము, మరియొక ప్రక్క కొంచెము బిగింపవలెను. తొందరపడి ఒక ప్రక్కనే పూర్తిగా బిగించినచో చట్రము మెలి తిరుగును. అద్దము అప్పుడే పగులకపోవచ్చును. మొదటి గుంటలో పడినప్పుడు మూలనుండి చీలును. లోపలి ఒత్తిడి కంటికి కనబడదు, కాని పోదు.

చాప్మన్ కీర్తి కిట్ కార్లతో నిలువలేదు. సెవెన్‌తోపాటు 1957 లోనే ఎలీట్ అను కారును ప్రదర్శించెను. దానికి వేరుగా చట్రమే లేదు; గాజునారతో పోతపోసిన శరీరమే చట్రము. 1958 లో అతని కార్లు గ్రాండ్ ప్రీ పందెములలో ప్రవేశించెను. 1962 లో లోటస్ 25 అను పందెపు కారులో గొట్టముల చట్రమును విడిచి, రేకులనే పెట్టెవలె మడిచి, ఇంధనమును ప్రక్కల నింపి, నడుమ నడపువానిని దాదాపు పడుకొనబెట్టెను. అది పూర్వపు కార్లకంటె తేలికయైనది, అంతకంటె గట్టిది. 1963 లో జిమ్ క్లార్క్ ఆ కారుతో పది పందెములలో ఏడింటిని గెలిచి ప్రపంచవిజేత యయ్యెను. 1965 లో మరల ప్రపంచవిజేతయై, అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమును గూడ గెలిచెను. వెనుక ఇంజను గల కారు ఆ పందెమును గెలుచుట అదియే ప్రథమము. 1966 లో కంపెనీ నార్‌ఫోక్ జిల్లాలో హెథెల్ అను పాత విమానాశ్రయమునకు మారెను. చాప్మన్ బ్రతికియుండగా లోటస్ కార్లకు తయారీదారుల ప్రపంచ విజయము ఏడుసార్లు లభించెను. పాత గుర్రపుసాలలో 25 పౌనులతో మొదలైన పనికి ఇది అసామాన్యమైన ఫలము.

కాని ఈ విజయములకు మూల్యము ఏమి? బరువు తగ్గించుట సద్గుణమే. ఎంతవరకు తగ్గింపవలెనో తెలియుట దానికంటె గొప్ప గుణము. 1960 జూన్ నెలలో బెల్జియములోని స్పా అను చోట జరిగిన పందెమును తలంపుడు. అభ్యాసపు వేళ స్టర్లింగ్ మాస్ నడపుచున్న లోటస్ కారుకు చక్రము ఊడిపోగా అతడు తీవ్రముగా గాయపడెను. అదే దినమున మరియొక లోటస్‌లో స్టీరింగు విరిగి మైక్ టేలర్ అనునతడు చెట్లలోనికి విసిరివేయబడెను. అతడు మరల పందెములలో పాల్గొనలేదు. పందెపు దినమున అలన్ స్టేసీ అను యువకుడు తన లోటస్‌లో మిక్కిలి వేగముగా పోవుచుండగా ఒక పక్షి వచ్చి ముఖమునకు తగిలెను. అతడు అచ్చటనే మరణించెను. నాటి పందెపు కార్లకు ఉండిన అద్దము గాలిని కొంచెము తప్పించునదే గాని ముఖమును కాపాడునది కాదు. ఇది ఒక్క లోటస్‌కు మాత్రమే గల లోపము కాదు. ఆ కాలపు పందెపు కార్లన్నియు అట్లే యుండెను.

1968 ఏప్రిలు 7 వ తేదీన జర్మనీలోని హాకెన్‌హైములో జిమ్ క్లార్క్ లోటస్ కారులో మరణించెను. చాప్మన్‌కు అతడు సోదరునివంటివాడు. ఆ దుఃఖమునుండి అతడు పూర్తిగా తేరుకొనలేదని ఎరిగినవారు చెప్పుదురు. మరుసటి సంవత్సరము యోఖెన్ రింట్ అను నడపువాడు స్పెయినులో ఒక ప్రమాదమునుండి బయటపడి, కారు భాగములు మరి కొంచెము గట్టిగా నుండవలెనని, కొద్ది బరువు పెరిగినను నష్టము లేదని చాప్మన్‌కు ఉత్తరము వ్రాసెను. 1970 సెప్టెంబరు 5 వ తేదీన ఇటలీలోని మోంజాలో అభ్యాసపు వేళ అతని లోటస్‌లో ముందరి బ్రేకునకు సంబంధించిన కమ్మి విరిగి అతడు మరణించెను. ఆ సంవత్సరపు ప్రపంచ విజయము చనిపోయిన రింట్‌కే దక్కెను. మరణించిన పిమ్మట ఆ గౌరవము పొందినవాడు అతడొక్కడే. ఆ ఉత్తరమును ఆ కమ్మిని ఒక్కచోట నుంచి తలంచినవారికి చాప్మన్ తెలివిని పొగడుటకు నోరు రాదు.

1973 లో ఇంగ్లండులో పన్నుల పద్ధతి మారి కిట్ కార్లకు గల లాభము పోయెను. అదే సంవత్సరము సెవెన్ కారును చేయు హక్కును కేటర్‌హమ్ అను సంస్థకు లోటస్ అమ్మివేసెను. 1978 లో మారియో ఆండ్రెట్టి లోటస్‌కు మరల ప్రపంచ విజయము తెచ్చెను. కాని ఆ సంవత్సరమే మోంజా ప్రమాదములో గాయపడి రోనీ పీటర్సన్ అను మరియొక లోటస్ నడపువాడు మరణించెను. అదే 1978 లో, బెల్ఫాస్టు సమీపమున బ్రిటిషు ప్రభుత్వ ధనసహాయముతో స్థాపింపబడుచున్న డెలోరియన్ కార్ల కంపెనీకి ఒక కారును సిద్ధపరచి యిచ్చుటకు లోటస్ ఒప్పుకొనెను. ఆ పనికై చెల్లింపబడిన 1 కోటి 76 లక్షలకు పైగా డాలర్లు ఒక విదేశపు సంస్థ ద్వారమున దారి మళ్లెను. 1982 ఆరంభమున డెలోరియన్ కంపెనీ దివాలా తీయగా ఈ సంగతి క్రమముగా బయటపడసాగెను. ఆ సంవత్సరము డిసెంబరు 16 వ తేదీన చాప్మన్ గుండె ఆగి తన 54 వ యేట హఠాత్తుగా మరణించెను. పదియేండ్ల తరువాత, 1992 లో, అతని కంపెనీ ధనవ్యవహారములను చూచిన అధికారికి బెల్ఫాస్టు న్యాయస్థానములో మూడు సంవత్సరముల శిక్ష పడెను. చాప్మన్ బ్రతికియుండినచో అతనికి పది సంవత్సరములకు తక్కువ గాని శిక్ష పడియుండెడిదని న్యాయమూర్తి చెప్పెను. పన్ను తప్పించుటకు చట్టపు అంచున నడచిన చమత్కారము తుదకు ఆ అంచును దాటెను.

విద్యార్థులారా, ఇట్టివానిని మహాపురుషుడనవలెనా, దోషి యనవలెనా? రెండింటిలో ఒకటియే చెప్పుట సత్యము కాదు. ఎవ్వరును కొనని పాత కారునుండి లోకమును మార్చిన శిల్పమును కల్పించిన ఓర్పును, పేదవాడు తన చేతితో కారు కట్టుకొను మార్గము చూపిన బుద్ధిని మనము నిశ్చయముగా గౌరవింపవలెను. అనవసరమైన దానిని విడుచుటలో అతనికి సాటి లేదు. అయితే ఏది అనవసరమో నిర్ణయించుటలో అతడు కొన్నిసార్లు తప్పెను. కారులో తప్పినప్పుడు ఇతరుల ప్రాణములు పోయెను; నడవడిలో తప్పినప్పుడు తన పేరు పోయెను.

నేడు ఏ పెరటిలోనో ఒకడు పాత సెవెన్ కారుకు క్రొత్త అద్దము బిగించుచుండును. కారు తేలికగా నుండవలెనని అతడును కోరును. అయినను రెండు పలకల నడుమ కంటికి కనబడని ఆ పలుచని పొరను మాత్రము తీసివేయుటకు ఒప్పుకొనడు. మంచి దినములలో ఆ పొరవలన ఏమి లాభమో ఎవ్వరికిని తెలియదు. రాయి తగిలిన దినమున ముఖమును కాపాడునది అదియే. మనుష్యుని జీవితమునందును అట్టి పొర యొకటి కలదు. తక్కిన బరువు లన్నింటిని తగ్గించుకొనుడు. దానిని మాత్రము తీసివేయకుడు.